చేవెళ్ల బస్సులో అమెరికా పాట

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడ్డ రోజులు. మా చేవెళ్ల బస్సు మొయినాబాద్‌లో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా కూర్చున్న విద్యార్థులు లేస్తే గానీ కదలదన్నాడు డ్రైవరు. నా పక్కనున్న అమ్మాయి ఒళ్లో గ్రామఫోన్ రికార్డు పెట్టుకుని, దానిమీద ఓణీ కొంగు కప్పుతోంది.

"ఎండకు వంగిపోతదక్కా," అంది. "అమెరికా పాట. రాకెన్‌రోల్ అంటరు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది."

"ఇంట్లో ఏమీ అనరా?"

"మా బాపు చర్చి పెద్ద. పాటపెట్టె మీద కీర్తనలు తప్ప ఏం పెట్టనియ్యడు. అమెరికల పోరగాళ్లు గీ పాటలు ఇన్నంక అయ్యల మాట ఇనుడు బంద్ చేసిన్రట. నన్నుగూడ జులూస్‌కు పోవద్దన్నడు. అయినా పోయిన. గిది మాత్రం కొంగు కింద దాచుకొని పోత."

ఆమె వేళ్లు రికార్డు అంచుమీద తాళం వేయసాగాయి. గొంతులోనే ఏదో పాడుకుంది. బయటి నినాదాలు కూడా ఆ తాళానికే సాగుతున్నట్టు అనిపించింది. నా కాలు ఎప్పుడు ఆడిందో, బస్సు ఎప్పుడు కదిలిందో నాకు తెలియనే లేదు.

చేవెళ్లలో ఆమె తండ్రి సైకిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, కొంగు పక్కకు తీసి, రికార్డును ఎదురుగా పట్టుకునే దిగింది. ఆయన దానివంక చాలాసేపు చూశాడు. భుజం మీది తువ్వాల తీసి, మెల్లగా దానిమీద కప్పాడు.

ఏ బస్సు ఎండలో ఆగినా ఇప్పటికీ నా కాలు తాళం వేస్తుంది. ఆయన ఆ తువ్వాల కప్పింది ఎండ తగలకుండానో, ఊరివాళ్ల కంట పడకుండానో మాత్రం తేల్చుకోలేకపోయాను.