దేవుడు నా నోరు మూయించిన నెల

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈరోజు నేను మెల్లగానే మాట్లాడతాను, వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి, ఎందుకంటే అరవొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. సుశీలమ్మ మెల్లగా మాట్లాడడమా అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది! నవ్వండి, ఆ నవ్వుకు కూడా దేవునికే మహిమ.

పోయిన ఏడాది దసరాకు ముందు నా గొంతు పోయింది. మాది గంజాం దగ్గర సముద్రం ఒడ్డునున్న ఊరు, మా ఆయన వేటకు వెళతాడు, నేను చేపలు ఇసుక మీద ఎండబెట్టి, గంపకెత్తి, బస్సెక్కి బరంపురం బజారులో అమ్ముతాను. ఎండు చేపల బజారు సంగతి మీకు తెలుసు, నోరున్నవాళ్లదే అక్కడ బేరం, "శుఖువా, భల శుఖువా", మంచి ఎండు చేపలు అని ఒడియాలో నేను ఒక్క కేక పెడితే అవతలి వీధి ఆడవాళ్లు సంచి పట్టుకుని వచ్చేవారు. అలాంటి గొంతు ముందు బొంగురుపోయింది, తరువాత చీలింది, ఒకరోజు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు గంప ఎలా తీసుకెళ్లానో అలాగే తిరిగి తెచ్చాను, బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

బరంపురంలో పెద్ద డాక్టరు గారు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల చిన్న కాయలాంటిది లేచింది, నెలరోజులు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ చెయ్యాలి, చేశాక ఈ గొంతు మునుపటిలాగే ఉంటుందని నేను మాటివ్వలేను అన్నారు. సహోదరులారా, గొంతే పోతే నేనెవరిని?

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు బజారులో ఎంత గొంతో ప్రార్థనలో కూడా అంతే గొంతు. మన పాస్టరయ్య గారు "ఎవరైనా ప్రార్థించండి" అనేలోపే నేను లేచేదాన్ని, నా ప్రార్థనకు రేకుల కప్పు అదిరేది, పిల్లలు నిద్రలో ఉలిక్కిపడేవారు. ఇంట్లో మా ఆయన "ఒలే, దేవుడికేటి సెవుడా? అంతలా అరుత్తన్నావేటి?" అనేవాడు. అతనికి భక్తి లేదని నేను సణుక్కునేదాన్ని. దేవునితో అంత మాట్లాడాను గానీ ఆయన చెప్పేది వినడానికి ఒక్క నిమిషం ఊరుకున్నది లేదు.

ఇప్పుడు ఊరుకోక తప్పలేదు. మొదటి వారం నరకమే. పొద్దున్నే ఇసుక మీద చేపలు పరిచి, తాటాకు నీడన కూర్చుని, లోలోపలే "ప్రభువా, నా గొంతు నాకిచ్చేయి" అని ఒకటే పాట. రెండో వారానికి ఆ పాట కూడా అలసిపోయింది. అప్పుడు నిశ్శబ్దంలో ఒక్కటే కళ్లకు కట్టింది. మడత పెట్టిన ఒక బరకం, వానకు చేపల మీద కప్పే పట్టా.

ఆ బరకం సంగతి చెప్పకుండా ఈ సాక్ష్యం సాక్ష్యం కాదు. నీలవేణి నా తోటికోడలు, నా మరిది భార్య, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మేమిద్దరం పక్కపక్కనే చేపలు ఎండబెట్టేవాళ్లం. మా ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది, మా అత్తల కాలం నుంచీ ఉంది. వాన మబ్బు ముందు ఎవరు చూస్తే వాళ్లు పరుగెత్తి అందరి చేపలూ కప్పాలి, నీవి నావి అనకూడదు, పగవాళ్లవైనా సరే కప్పాలి, ఎందుకంటే చేప ఒక్కసారి తడిసిందంటే పురుగు పడుతుంది. నా గొంతు పోవడానికి నాలుగేళ్ల ముందు నీలవేణి చేపలు ఆరబెట్టే తన వల ఒక గజం నా ఇసుకలోకి పరిచింది. ఒక్క గజం! దానికి నేను వారం రోజులు మండిపోయాను. ఆ మండిపాటులో ఉండగానే ఒక మధ్యాహ్నం ఆమె మంచినీళ్లకు వెళ్లింది, చిలకా సరస్సు వైపు నుంచి మబ్బు లేచింది, ఒడ్డున నేను తప్ప ఎవరూ లేరు. నా చేపలు కప్పుకున్నాను. ఆమె బరకం ఆమె చేపల పక్కనే గుట్టగా పడి ఉంది. నేనేం చేశానో తెలుసా? దాన్ని తీసి, చక్కగా మడత పెట్టి, గాలికి ఎగరకుండా మీద రాయి కూడా పెట్టి, ఇంటికెళ్లిపోయాను. వానలో ఆమె నెత్తళ్ల చేపలు మొత్తం ముద్దయిపోయాయి.

సాయంత్రం ఆమె నా గుమ్మం దగ్గరకు వచ్చి, "అప్పా, నువ్వు మబ్బు సూడనేదా?" అంది. నేను గట్టిగా, వీధంతా వినబడేలా, "నానేటి సూత్తాను, నాను అప్పటికే ఇంటికొచ్చీసినాను, నీ సేపలకి నాను కాపలాయా?" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాలుగేళ్లు మాటల్లేవు, ఒకే ఒడ్డున, ఒకే ఎండలో, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఆ నాలుగేళ్లూ నేను ప్రతి ఆదివారం ఇక్కడ రేకులు అదిరేలా ప్రార్థించాను, సహోదరులారా! ఆయన ఎలా సహించాడో!

ఆ తాటాకు నీడన నేను దేవునితో బేరం మొదలుపెట్టాను, బేరాలు నాకు అలవాటే కదా. "ప్రభువా, ముందు నా గొంతు ఇయ్యి, అప్పుడు ఎల్లి సెమాపణ అడుగుతాను. నోరు నేకుండా ఎలాగడిగీది?" అన్నాను. ఆయన గాలిలో కేక వేయలేదు గానీ, నా మనసులో ఒక మాట పడింది, అది నాది కాదు, నాకంత తెలివి లేదు. బరకం మడత పెట్టినప్పుడు నోటితో పెట్టావా, చేతులతో పెట్టావా? ఆ చేతులు బాగానే ఉన్నాయి కదా! నేను ఒళ్లో ఉన్న నా చేతులు చూసుకుని చాలాసేపు ఏడ్చాను.

మూడో వారంలో మళ్లీ మబ్బు లేచింది. నీలవేణి ఒడ్డున లేదు. నా చేపలు అటు, ఆమె చేపలు ఇటు, మధ్యలో నేను. నిజం చెబుతున్నాను, కాళ్లు నా చేపల వైపే లాగాయి, ఎందుకంటే అమ్మకం లేక ఆ పూటకు నాకున్నవి అవే. "ప్రభువా, నీ మీదే వదిలీసినాను" అని లోపలే అనుకుని ఆమె వైపు పరుగెత్తాను. బరకం విప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టేసరికి చినుకులు పడనే పడ్డాయి. నావి సగం తడిసిపోయాయి. నీలవేణి పరుగున వచ్చి, కప్పి ఉన్న తన చేపలూ, తడుస్తున్న నా చేపలూ చూసింది, నా మొహం చూసింది, నాతో పాటు వంగి నావి ఎత్తింది. మర్నాడు నేను కూర్చునే చోట ఇసుకలో ఒక గ్లాసు, దాని మీద మూత, లోపల వేడి మిరియాల కషాయం. నెల నిండేదాకా రోజూ అలా వచ్చింది. ఆమె మాట్లాడలేదు, నేను మాట్లాడలేను.

నెల నిండాక మళ్లీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆయన చూసి, కాయ కరిగిపోయింది, ఆపరేషన్ అక్కర్లేదు, ఇక మెల్లమెల్లగా మాట్లాడమ్మా, జన్మలో కేకలు మాత్రం వద్దు అన్నారు. దేవునికే స్తోత్రం! మా ఆయన అక్కడే చేతులు జోడించి, "ఏదీ, ఒక్క మాట మాటాడు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. బస్సులో కండక్టరు ఎక్కడికని ఒడియాలో అడిగితే చేత్తో సైగ చేశాను. మా ఆయన కంగారుపడిపోయి, "ఇదేటి! డాక్టరు మాటాడమన్నా మాటాడవేటి? ఇంకా రానేదా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం, అతన్ని ఆ గంటన్నర ఏడిపించాను. కానీ దేవుడు తిరిగి ఇచ్చిన గొంతులో మొదటి మాట ఎవరితో ఆడాలో నేను ముందే మొక్కుకున్నాను.

బస్సు దిగి తిన్నగా ఒడ్డుకు వెళ్లాను. నీలవేణి చేపలు తిరగేస్తోంది. ఆమె ముందు ఇసుకలో కూర్చుని, "సెల్లీ" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది, అంత చిన్నది. "సెల్లీ, ఆ రోజు మబ్బు నాను సూసినాను. నీ బరకం నానే మడత పెట్టీసినాను. అబద్దమాడినాను. నన్ను సెమించు."

ఆమె చేతిలో చేప అలాగే ఉంది. తల ఎత్తకుండా అంది, "నాకు తెలుసప్పా. మడత పెట్టి మీద రాయెట్టీది ఈ ఒడ్డున నువ్వొక్కదానివే. ఆ రోజే తెల్సు. నువ్వే సెప్తావని సూత్తన్నాను."

నాలుగేళ్లు, సహోదరులారా! అంతా తెలిసీ ఊళ్లో ఒక్కరికి చెప్పలేదు, నా పరువు తీయలేదు, నేను చెప్పే రోజు కోసం ఎదురు చూసింది. నేను ఇసుకలో సాగిలపడి ఏడ్చాను. నీలవేణి ఇలాగ ఉంటే, ఆమెను నన్నూ చేసిన దేవుడు ఎలాంటివాడు! నేను కేకలు పెట్టిన ప్రతి ఆదివారమూ ఆ మడత ఆయనకు తెలుసు. తెలిసీ నన్ను విడిచిపెట్టలేదు. నా గొంతు కోసం నేను ఏడుస్తుంటే, ఆయన నా మాట కోసం కాచుకుని ఉన్నాడు.

ఇప్పుడు బరంపురం బజారులో మేమిద్దరం ఒకే చోట కూర్చుంటాం. కేక ఆమెది, తూకం నాది. ఆమె ఇంకా మన సంఘానికి రాలేదు, నేను బలవంతం చేయను, ఈరోజు మాత్రం నేను పిలిస్తే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది, అటు తిరిగి చూసి ఆమెను సిగ్గుపడేలా చేయకండి. మీలో ఎవరి ఇంట్లోనైనా అలా మడత పెట్టిన బరకం ఉంటే, గట్టిగా ప్రార్థించి దాన్ని కప్పిపుచ్చకండి. ఒక్క పూట నోరు మూసుకుని ఆయన దగ్గర కూర్చోండి, ఆయన చెప్పింది చేయండి, మీవి తడిస్తే తడవనివ్వండి. ఆయనకు ముందే తెలుసు. మీరు చెబుతారని చూస్తున్నాడు.