చేత్తో వేసిన గోల్

ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ కాలేజీ ఏ కాలేజీతో బాస్కెట్‌బాల్ ఆడినా ఆ గెలుపోటముల బాధ్యత నామీదే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఖతార్‌లో వరల్డ్ కప్ కోసం స్టేడియం కడుతున్న ఒక సైట్‌లో టైమ్‌కీపర్ని, అంటే పొద్దున్నే బస్సులు దిగిన వాళ్ళ హాజరు రాసుకోవడం నా పని. ఉండేది ఇండస్ట్రియల్ ఏరియాలో కంపెనీ క్యాంపులో. దేశం దేశమంతా ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ అని కలవరిస్తుంటే, నేను మాత్రం శుక్రవారం సెలవు పూట పొద్దున్నే టీవీ గదిలో ముందు కుర్చీ పట్టుకుని, అమెరికా కాలేజీ పిల్లల బాస్కెట్‌బాల్ చూస్తూ గొంతు చించుకునేవాణ్ణి. ఆ కాలేజీలు ఏ మూల ఉన్నాయో తెలియదు (ఇప్పటికీ తెలియదు). పసుపు చొక్కాల వాళ్ళు నావాళ్ళు, అంతే. ఒకసారి ఆఖరి సెకనులో వాళ్ళు ఒక్క పాయింటుతో ఓడిపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుని టిఫిన్ మానేశాను. "ఎవని కాలేజో, ఎవని పోరగాండ్లో! నీ ఫీజేమన్న వాళ్ళు కట్టిన్రా పిలగా, గంతగనం ఏడుస్తున్నవ్?" అని సలాకల మామ నా వాటా పూరీలు కూడా తన పళ్ళెంలో వేసుకున్నాడు.

సలాకల మామది మా మెట్‌పల్లికి దగ్గరి ఊరే. చుట్టరికం ఏమీ లేదు, క్యాంపులో వరస కలుపుకున్నాం. స్టేడియం మెట్ల వరుసల్లో కాంక్రీటు పోసే ముందు ఇనుప సలాకలు అల్లి తీగతో కట్టడం ఆయన పని, అందుకే ఆ పేరు. నా పేరు "బాస్కెట్". వచ్చిన కొత్తలోనే, కాలేజీలో నేను టీం కెప్టెన్నని అందరికీ చెప్పుకున్నాను మరి. (నిజం చెప్పాలంటే మూడేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నాను. ఒకడి కాలు బెణికితే ఒక్కసారి రెండు నిమిషాలు ఆడాను. ఆ రెండు నిమిషాల్లో బంతి నా దగ్గరికి రాలేదు.)

మధ్యాహ్నం అన్నాలయ్యాక టీవీ గది మామ పార్టీ చేతికి పోయేది. అప్పుడు ఒక అరబ్బీ సీరియల్ వచ్చేది, ఫుట్‌బాల్ ఆడే ఒక పేదింటి కుర్రాడి కథ. గదిలో ఎవరికీ అరబ్బీ "యల్లా" (పదండి), "మాఫీ" (లేదు) దాటి రాదు, అయినా ఎవరూ కన్నార్పేవారు కాదు. నేను వెనక నిలబడి వెక్కిరించేవాణ్ణి. వెక్కిరించనా మరి? హీరో తన్నిన బంతి ఒక శుక్రవారం గాల్లోకి లేస్తే మళ్ళీ శుక్రవారానికి గానీ కింద పడేది కాదు. ఈలోపు వాళ్ళమ్మ ఏడవాలి, మేనమామ మనసు మారాలి, కోచ్ నీళ్ళ సీసా గోడకేసి కొట్టి ఉపన్యాసం ఇవ్వాలి. "ఇది ఆటనా మామా? మా బాస్కెట్‌బాల్‌ల ముప్పై సెకన్లల్ల బంతి ఎయ్యాలె, లేకుంటే గుంజుకుంటరు" అన్నాను. "ముప్పై సెకన్లల్ల మనిషి కష్టం ఏం తెలుస్తదిరా? ఆనికి జెర టైమియ్యాలె" అన్నాడు మామ, తెర మీంచి చూపు తిప్పకుండా. నాలుగో వారానికల్లా నేను మామ పక్క కుర్చీలో ఉన్నాను. ఆరో వారం హీరో మోకాలు విరిగింది, నేనూ మామా ఒకే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాం.

ఆ చలికాలంలోనే కంపెనీ వాళ్ళు క్యాంపుల మధ్య ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. గెలిచిన జట్టుకు మేం కడుతున్న స్టేడియంలోనే మొదటి ట్రయల్ మ్యాచ్ చూడ్డానికి టికెట్లు. నోటీసు బోర్డు ముందు ఆ మాట చదివి వినిపించగానే మామ నా భుజం పట్టుకున్నాడు. "నాలుగేండ్లు గట్టిన పిలగా. ఇంటిది ఫోన్ల అడుగుతది, దుబాయ్ల ఏం గట్టినవ్, ఫోటో పెట్టుమని." (మావైపు గల్ఫ్ మొత్తం దుబాయే.) "ఏం పెట్టాలె? నేను గట్టినదంత సిమెంటు లోపల్నే ఉంటది, కనవడదు. మంది ఎక్కి కూసుంటే ఒక్కసారి సూసి పోవాల్నుంది." వచ్చే నెలలో ఆయన కాంట్రాక్టు అయిపోతుంది. వరల్డ్ కప్ దాకా ఉండేవాడు కాదు. అంచేత మామే కోచ్ అయ్యాడు.

మాలో ఫుట్‌బాల్ ఆడినవాడు ఒక్కడూ లేడు. కబడ్డీ వాళ్ళున్నారు, వాలీబాల్ వాళ్ళున్నారు, క్రికెట్ సరే సరి. ఫుట్‌బాల్ గురించి మాకు తెలిసిందంతా సీరియల్ చెప్పిందే. గోల్‌కీపర్ ఎవరన్న ప్రశ్న వస్తే మామ క్షణం ఆలోచించలేదు. "చేత్తోటి ఆడేటోడు మనకాడ బాస్కెట్ గాడొక్కడే. కెప్టెనాయె!" అన్నాడు. అప్పుడైనా బెంచీ సంగతి ఒప్పుకుని ఉంటే బాగుండేది. ఒప్పుకోలేదు. పరంజా గొట్టాలతో గోల్ స్తంభాలు నిలబెట్టి, రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే ఇసుక నేలలో ప్రాక్టీసు చేశాం. అందులో సగం సేపు మామ ఉపన్యాసమే.

విచిత్రమేమిటంటే నేను బంతులు పట్టుకున్నాను. బెంచీ మీద కూర్చుని మూడేళ్ళు బంతినే చూసినందుకు కళ్ళు బాగా పదునెక్కాయేమో మరి. ఎలా వచ్చామో తెలియదు గానీ ఫైనల్‌కి వచ్చాం. అవతల నేపాలీ క్యాంపు. హాఫ్ టైముకి రెండు వైపులా సున్నా. మామ సంప్రదాయం తప్పకుండా నీళ్ళ సీసా ఇసుకలోకి విసిరికొట్టి (తర్వాత మేమే ఏరుకుని తాగాం) "మనం గట్టినం, మనమే సూడాలె! యల్లా!" అని అరిచాడు.

ఇంక అయిదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా వచ్చిన బంతిని ఎగిరి పట్టుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఎదర మైదానమంతా ఖాళీగా కనిపించింది. అప్పుడు నాకేమైందో ఈ రోజుకీ నాకే తెలియదు. మూడేళ్ళ బెంచీ ఒక్కసారి ఒంట్లోంచి లేచింది. బంతిని చేత్తో నేలకేసి కొడుతూ పరుగెత్తాను. (గట్టి ఇసుక కాబట్టి అది లేచింది. లేవకపోయినా బాగుండేది.) గోల్‌కీపర్ బంతిని చేత్తో ముట్టుకోగలిగే గీత దాటాను. ఈల వినబడింది. మా వైపు ఈల వేశారంటే మెచ్చుకున్నట్టే కదా, అందుకని ఇంకా ఉత్సాహంగా పరుగెత్తాను. ఒక నేపాలీని కుడికి తప్పించాను, ఇంకొకణ్ణి ఎడమకు. అసలు వాళ్ళెవరూ అడ్డం రావడం లేదు, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారన్న సంగతి కూడా నాకు తట్టలేదు. అవతలి గోల్ దాకా పోయి, ఎగిరి, రెండు చేతులతో అందంగా బంతిని వలలో వేసి, చేతులెత్తి వెనక్కి తిరిగాను. నా జీవితంలో నేను వేసిన ఒకే ఒక్క బాస్కెట్ అది.

రిఫరీగా వచ్చిన ఈజిప్టు సేఫ్టీ ఆఫీసరు ఈల నోట్లోంచి తీసి, ఎర్ర కార్డు లేనందున సైట్‌లో వాడే ఎర్ర జెండా ఊపి, "ఖలాస్! ఖలాస్!" అని నన్ను బయటికి పంపాడు. నేపాలీ వాళ్ళు పొట్టలు పట్టుకుని కూలబడి నవ్వుతున్నారు. నవ్వడం అయ్యాక లేచి, మా గోల్ ముందునుంచి ఫ్రీ కిక్ కొట్టారు. నా బదులు నిలబడ్డ వాలీబాల్ వాడు బంతిని వాలీబాల్ లాగే పైకి లేపాడు, అది వెనక వలలో పడింది. ఓడిపోయాం.

తిడతాడనుకున్నాను. మామ తిట్టలేదు. అందరూ విప్పి పడేసిన జాకెట్లు ఏరి మడత పెడుతూ "పోనీ తియ్ పిలగా. ఉరుకుడైతే మంచిగురికినవ్" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. పసుపు చొక్కాల వాళ్ళ కోసం వచ్చిన ఏడుపు లాంటిది కాదు. ఆయన నాలుగేళ్ళ కష్టం నేను రెండు చేతులతో వలలో వేసి వచ్చాను.

మరుసటి శుక్రవారం నేపాలీ క్యాంపుకు పోయి వాళ్ళ కెప్టెన్ని పట్టుకున్నాను. మామ సంగతంతా వచ్చిన హిందీలో చెప్పాను. అతను విని, తల గోక్కుని, వాళ్ళలో ఒకడికి ట్రయల్ మ్యాచ్ రోజున డ్యూటీ పడిందనీ, ఒక టికెట్ మిగిలిందనీ అన్నాడు. ఇస్తాడు, కానీ ఒక షరతు: "భాయ్, వో దౌడ్ ఏక్ బార్ ఫిర్ దిఖావో." నా పరుగు మళ్ళీ చూపించాలట. మెస్ హాల్లో బల్లలు జరిపారు. వంటవాళ్ళు కూడా గరిటెలతో బయటికొచ్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు పరుగెత్తాను. మూడోసారి బుట్ట బదులు ఎవరో అన్నం గిన్నె పట్టుకున్నారు, అందులో వేశాను. అంత చప్పట్లు కాలేజీలో మా అసలు కెప్టెన్‌కి కూడా ఎప్పుడూ పడలేదు.

టికెట్ చేతిలో పెడితే మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాస్‌పోర్టు కాపీ మడతలో పెట్టుకున్నాడు. మ్యాచ్ మర్నాడు పొద్దున బస్సు దగ్గర హాజరు రాసుకుంటూ ఆత్రంగా అడిగాను.

"ఎట్లుండె మామా మ్యాచ్?"

"ఎవడు గెలిచిండో తెల్వదురా. సూడలే." ఆ టికెట్ కూడా వృథా అయిందనుకున్నాను. మామ మాత్రం నవ్వుతున్నాడు. "నేను గట్టిన వరుస దేవులాడుకున్న. ఆడ కూసున్నోళ్ళకు దండం బెట్టి, జెర జరుగుమని నడుమ కూసున్న. గోల్ వడ్డది. మందంత ఒక్కసారి ఎగిరిన్రు. నేను ఎగుర్లే. చెప్పులిడిసి, అరికాళ్ళు మెట్టుకు ఆనిచ్చి సూసిన. నేను గట్టిన మెట్టు అదర్లేదు పిలగా. ఇంత గూడ అదర్లే. ఇంటిదానికి ఫోటో పెట్టిన, మంది ఎగిరేది."

రెండు వారాలకు ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు నేనూ మెట్‌పల్లిలోనే ఉన్నాను. ముప్పై దాటాయి, ముందుకు కొంచెం పొట్ట వచ్చింది, ఎగిరి బంతి వేసే పరిస్థితి లేదు. కాలేజీ బాస్కెట్‌బాల్ మాత్రం ఫోన్లో ఇంకా చూస్తాను, పసుపు చొక్కాల వాళ్ళు ఇంకా ఓడిపోతూనే ఉన్నారు. కానీ ఆఖరి సెకనులో బంతి పడి జనమంతా లేచి గంతులేసేటప్పుడు నా కళ్ళు బంతి మీద ఉండవు, వాళ్ళ కాళ్ళ కిందికి పోతాయి. మా ఆవిడ వంటింట్లోంచి "గెలిచిన్రా?" అని అడుగుతుంది. "తెల్వదు గని, అదర్లే" అంటాను. ఆవిడ ఒకసారి తొంగిచూసి, ఈ మనిషి ఇంతే అనుకుని, నా పూరీలు పళ్ళెంలో పెట్టి పోతుంది. ఈమధ్య ఎవరు ఓడినా నేను టిఫిన్ మానెయ్యడం లేదు.