చూపించాల్సిన డబ్బు

పై చదువుకు వేరే దేశం పోవాలంటే రెండు రకాల డబ్బు కావాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకటి ఖర్చు పెట్టే డబ్బు, రెండోది చూపించే డబ్బు. మొదటిది మా ఇంట్లో లేదు. రెండోది అంతకంటే లేదు.

అప్పటికి నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పాలు, పచ్చళ్లు, మామిడి గుజ్జు ఎందువల్ల పాడవుతాయో డిగ్రీ పిల్లలకు మైక్రోస్కోపులో చూపించడం నా పని. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షించే ఉద్యోగాలుంటాయని రెండు చోట్లకు పోయాను. రెండు చోట్లా నా సర్టిఫికెట్లు తిరగేసి, ఇంకా పెద్ద చదువు కావాలన్నారు. నాకు రోషం ఎక్కువ. ఆ రోషంతోనే ఇంగ్లండులో ఒక యూనివర్సిటీకి ఆహార భద్రత కోర్సు కోసం అప్లై చేశాను. సీటొచ్చింది. సగం ఫీజు వాళ్లే మాఫీ చేస్తామన్నారు. ఆ మెయిల్ చదివి ల్యాబ్‌లో బీకర్లు కడిగే తొట్టి ముందు నిలబడి ఏడ్చాను. సంతోషంతో ఏడవడం నాకు అదే మొదలు, అదే చివర.

మా నాయనకు తిరుమల కొండ మీద చిన్న అంగడి. గుండు కొట్టించుకున్నవాళ్లకు టోపీలు, పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముతాడు. పొద్దున బస్సెక్కి కొండకు పోతాడు, సాయంత్రం బస్సులో దిగి వస్తాడు. సగం ఫీజు మాఫీ అని చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "మిగతా సగమో?" అని. దానికి ఒక ఫైనాన్సు కంపెనీ అప్పిస్తానంది. వడ్డీ ఎంతో విన్నాక నాయన వేళ్లమీద లెక్కేసుకున్నాడు. "సరే, కానీ. నువ్వు తీరుస్తావులే," అన్నాడు చివరికి.

ఫీజు సంగతి అలా తేలింది. బతకడం సంగతి మిగిలింది. నాకంటే ముందు పోయిన సీనియర్ ఒకామె అక్కడినుంచి ఫోన్లో చెప్పేది. నలుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటారట, గది అద్దెకే సగం పోతుందట, బస్సుకు ఇంత, హీటరుకు ఇంత. "పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం డ్యూటీ చేసే హోటల్లో మిగిలింది తింటామే," అనేది నవ్వుతూ. ఆమె చెప్పిన ప్రతి ఖర్చునూ నేను మనసులో రూపాయల్లోకి మార్చేదాన్ని. "మార్చద్దు మే, మారిస్తే ఈడ ఒక పూట గూడా బతకలేవు," అని తిట్టేది ఆమె.

ఇక ఆ దేశం వాళ్ల నిబంధన ఇది. అక్కడ చదివినన్నాళ్లూ తిండికీ అద్దెకూ అయ్యే మొత్తం ముందే మన బ్యాంకులో ఉండాలి. ఒకరోజు ఉంటే చాలదు, ఇరవై ఎనిమిది రోజులు వరసగా ఉండాలి. మధ్యలో ఏ ఒక్కరోజూ ఒక్క రూపాయి తగ్గకూడదు. ఇది నాకు చెప్పినవాడు బస్టాండు దగ్గర కన్సల్టెన్సీ నడిపే ఒకాయన. అంత డబ్బు మా దగ్గర లేదని నేనంటే నవ్వాడు. "ఎవురి దగ్గరుంటాది మేడం? అందరూ పెట్టించుకునేదే. చుట్టాల్లో యెవురో ఒకరు ఒక నెల పెడతారు, మళ్లా తీసుకుంటారు," అన్నాడు. మా వీధిలోనే ఇద్దరు అలా పెట్టించుకుని పోయారని ఆ తర్వాత తెలిసింది. పెళ్లికి పక్కింటి నగ అడిగి పెట్టుకున్నట్టు, వీసాకు చుట్టాల డబ్బు పెట్టుకోవడం ఇక్కడ మామూలైపోయింది.

మాకున్న ఒకే ఒక్క ఆసరా సత్యవేడు మామ. అమ్మకు తమ్ముడు. ఫ్యాక్టరీల కోసం వాళ్ల పక్క భూములకు ధర వచ్చినప్పుడు ఒక చెక్క నేల అమ్మి, ఆ డబ్బుతో లోపలి ఊళ్లో ఇంకో పొలం కొనాలని చూస్తున్నాడు. నేనూ అమ్మా బస్సులో పోయాం. అమ్మే అడిగింది. మామ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ విన్నాడు. ఆ కాసేపట్లో నేను ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు.

"ఆడి నెల్లో యెవురు రిజిస్ట్రేషన్ పెట్టుకుంటారు పాపా?" అన్నాడు. "ఆ డబ్బు ఊరికే బ్యాంకులో నిద్రపోతా ఉండాది. ఆ నిద్రేదో మీ అకౌంట్లోనే పోనీ. ఆవణి పుట్టంగానే నాకు కావల్ల. దాంట్లో కొంచెం నువ్వు పొయ్యేటప్పుడు చేతికిస్తాలే."

అరవ దేశం పక్కనే కాబట్టి ఆడి నెలంటే, తర్వాతి ఆవణి నెల పుట్టేదాకా, మా వైపు కూడా ఎవరూ పొలం కొనరు, ఇల్లు మారరు, ముహూర్తాలు పెట్టరు. లోకమంతా ఆగిపోయే నెల నాకోసమే వచ్చిందని సంబరపడ్డాను. ఆడి మొదట్లోనే డబ్బు నాయనా అమ్మా పేరుమీద ఉన్న ఖాతాలో పడింది. లెక్కకు సరిగ్గా సరిపోయేంత. పైన నూటపదహార్లు కూడా ఎక్కువ లేదు. అందులో ఒక్క రూపాయి కదలకూడదని నేను నాయనకు చెప్పాను. నాయన అమ్మకు చెప్పాడు, "ఆ డబ్బు ఖర్చు పెట్టగూడదంట, జాగ్రత్త," అని. మా అమ్మంత పొదుపరికి ఆ మాట చెప్పడమే అనవసరమని నేను నవ్వాను కూడా.

ఆ నెలంతా నేను బతికిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఎవరు చెయ్యి పట్టుకుని వీసా వస్తుందంటే వాళ్లు దేవతల్లా కనిపించేవాళ్లు. రాదేమో అన్నవాళ్లతో మాట్లాడటం మానేశాను. ఆవణి పుట్టగానే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి కన్సల్టెన్సీ ఆయనకిచ్చాను. ఆయన మొదటి వరస చూశాడు, చివరి వరస చూశాడు, బ్రహ్మాండం మేడం అన్నాడు. నేను కూడా అవే రెండు చూశాను. అప్లికేషన్ పోయింది. ఆ మర్నాడే నాయన డబ్బు మామకు తిరిగి పంపేశాడు. మాట తప్పలేదని ఆయనకు ఎంత తృప్తో.

మూడు వారాలకు జవాబొచ్చింది. నేను ల్యాబ్‌లో ఉన్నాను. తిరస్కరించాం అన్నారు. మధ్యలో కొన్ని రోజులు మొత్తం తగ్గిందట. అబద్ధం అనుకున్నాను. వేరేవాళ్ల కాగితాలు చూసి నాకు రాశారనుకున్నాను. కన్సల్టెన్సీకి పరుగెత్తి ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన స్టేట్‌మెంట్ తిప్పి మధ్య వరస మీద వేలు పెట్టాడు. డబ్బు పడిన మొదటి శుక్రవారమే రెండు వేలు తీశారు. మరుసటి వారం రెండు వేలు వేశారు. అంతే.

"ఇంకో వారం డబ్బు కదిలించకుండా ఉంచి, ఆ తర్వాత స్టేట్‌మెంట్ తీసుంటే సరిపొయ్యేది మేడం," అన్నాడు మెల్లగా. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు, అప్పటిదాకా తిట్టిన నోటితోనే ఏదైనా దారి చూడమని ఆయన్ను బతిమాలాను. మళ్లీ అంత డబ్బు పెట్టి, మళ్లీ అన్ని రోజులు ఉంచి, మళ్లీ అప్లై చేయాలన్నాడు. యూనివర్సిటీలో చేరడానికి ఆఖరి గడువు అంతకంటే ముందే ఉంది.

ఇంటికి పోయేసరికి అమ్మ కరివేపాకు దూస్తోంది. రెండు వేలు ఎవరు తీశారని అడిగాను. దాచలేదు. దాచాల్సిన పని అనుకుంటే కదా.

"నేనే తీసినా. ముడుపు కట్టినా," అంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి ఎప్పుడు పెద్ద మొత్తం వచ్చినా, జీతమైనా చీటీ పాటైనా అప్పైనా, ముందు అందులోంచి కొంచెం తీసి పసుపు గుడ్డలో స్వామికి కట్టిపెట్టాలి. వచ్చిన డబ్బులోంచే తియ్యాలి, వేరే డబ్బు పనికిరాదు. కొండ కింద పుట్టి పెరిగిన వాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కరలేదు. అమ్మ బ్యాంకుకు పోయి, కాగితం మీద సంతకం పెట్టి, రెండు వేలు తీసి, నాకు వీసా రావాలని ముడుపు కట్టింది. తమ్ముడి సొమ్ము కాబట్టి తరుగు ఉండకూడదని, పాలవాడికివ్వాల్సింది ఆపి, చీరలకు ఫాల్స్ కుట్టిన డబ్బు కలిపి, తరువాతి వారం అదే ఖాతాలో తిరిగి వేసింది.

"ఖర్చు పెట్టద్దని నాయన జెప్పలేదా?" అని అరిచాను.

"నేను యాడ ఖర్చు పెట్టినా? సామికి తీసి పెట్టినా. మళ్లా యేసినా గదా!" అంది. ఆమె ముఖంలో భయం అప్పటికింకా లేదు. నేను ఎందుకు అరుస్తున్నానో అర్థం కాని అయోమయం ఒకటే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నీవల్లే పోయింది, నా బతుకు నీ చేత్తోనే ముడేశావు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. నోటికాడి కూడు లాగేసుకున్నావని కూడా అన్నాను. ఆమె కరివేపాకు రెమ్మ చేతిలో పట్టుకునే గోడకు ఆనుకుంది. సాయంత్రం నాయన వచ్చి, విషయం విని, "రెండు వేలకు సదువు ఆపేస్తారా? వాళ్లదీ ఒక దేశమేనా?" అని చెప్పుల కాలితోనే వీధి గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

మామకు ఫోన్ చేశాను. గడువు చాలదని తెలుసు. అయినా చేశాను, మునిగేవాడికి ఏది దొరికితే అది పట్టుకోవాలనిపిస్తుంది. మామ గొంతు తగ్గించి మాట్లాడాడు. "పాపా, అడ్వాన్సు ఇచ్చేసినా. అగ్రిమెంటు రాసుకునేసినాం. యేం జేసేది జెప్పు. నా కడుపు తరుక్కుపోతా ఉండాది." ఆయన్ను ఏమనగలను? యూనివర్సిటీ వాళ్లకు రాశాను, ఒక నెల ఆలస్యంగా రావచ్చా అని. రాకూడదన్నారు. వచ్చే ఏడాదికి సీటు ఉంచుతారట. ఫీజు మాఫీ మాత్రం ఈ ఏడాదికేనట. మాఫీ లేకుండా ఆ ఫీజు కట్టాలంటే మా నాయన ఎన్ని గుండ్లకు టోపీలు అమ్మాలో లెక్కేయడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున, రాలేకపోతున్నానని యూనివర్సిటీకి నాలుగు వాక్యాలు రాసి పంపించేశాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు.

ఆ రోజే కాలేజీనుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసుంది. మీ అమ్మ బ్యాంకుకు పోతానని పోయిందని పక్కింటావిడ చెప్పింది. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాను. పోయి చూస్తే అమ్మ ఆఫీసరు బల్ల ముందు నిలబడి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోనట్టుంది.

"సార్, ఆ పొద్దు నేను తీసింది కొట్టెయ్యండి సార్. మళ్లా యేసినా గదా, మీరే సూడండి," అంటోంది.

"అట్లా కుదరదమ్మా, కంప్యూటర్లో ఎక్కిపోయింది," అన్నాడు ఆ ఆఫీసరు. కుర్రాడు, ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"అయితే తప్పు నాదేనని రాసిస్తా. పాపకు తెలీదు, వాళ్ల నాయనకు తెలీదు, నేనే తీసినానని రాసిస్తా. ఆ దేశమోళ్లకు మీరు పంపండి. బ్యాంకోళ్లు జెప్తే నమ్ముతారు సార్."

వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. నాకు అవమానం కలగాలి. కలగలేదు. నాలుగు రోజులుగా నేను ఆమె ముఖం కూడా చూడలేదని, ఆ నాలుగు రోజులూ ఆమె తలలో ఇదే తిరిగిందని అప్పుడు అర్థమైంది. పోయి భుజం పట్టుకున్నాను. "రా మా, పోదాం," అన్నాను. నన్ను చూసి ఉలిక్కిపడింది, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

రోడ్డు మీద ఇద్దరం కొంతదూరం నడిచాం. ఎండ ఇంకా తగ్గలేదు. కొంగుతో మెడ తుడుచుకుని, నా వైపు చూడకుండా అడిగింది, "వచ్చే యేడు అయితాది గదా పాపా?"

"అయితాది మా," అన్నాను.

"ఈసారి నేను బ్యాంకు దిక్కే పోను. సత్తెంగా పోను."

"సరే మా."

కొండకు పోయే యాత్రికుల కోసం బస్టాండు పక్కన ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు పెట్టి అమ్ముతున్నారు. అమ్మ అక్కడ ఆగిపోయింది. ఆడ చలి జాస్తి అంటారు గదా, సీజన్లో ధర పెంచేస్తారు, ఇప్పుడే తీసి పెట్టుకుందాం అంది. వద్దనడానికి నోరు తెరిచాను. ఆమె అప్పటికే ఒక ఎర్ర స్వెట్టరు మడత విప్పి, అమ్మేవాడితో బేరం మొదలుపెట్టింది. నా వెనక్కి వచ్చి, దాన్ని నా వీపుకు ఆనించి, భుజాల కొలత చూసింది. చేతులు పొట్టి అయితాయేమో, చాపు అంది. చెమటలు కారిపోతుంటే, ఆ జనం మధ్యలో నేను రెండు చేతులూ చాపి నిలబడ్డాను.