మూడు పలకలూ ఒక సెక్రటరీ గారూ

తెప్ప కొనబోయి తప్పు కొన్నాను. ట్యాంకరు వస్తే తప్ప నీళ్ళు కనిపించని కొత్తగూడ అపార్ట్‌మెంటులో ఉంటూ, మూతపడిన రిసార్టు నుంచి పాత ఫైబర్ పడవ తెచ్చి సెల్లార్‌లో పెట్టిన తెలివి నాది. ఇంజను బిగించే వెనుక చెక్క వేలితో నొక్కితే, టీలో ముంచిన బిస్కెట్టులా దిగింది.

"ఆదివారం సాయంత్రానికి ఇది ఇక్కడ ఉండకూడదండి. ఉంటే పాత సామాన్లవాడికిచ్చేస్తాం," అన్నారు మా అసోసియేషన్ సెక్రటరీ గారు. "అయినా సముద్రం ఎటునుంచి వస్తోందండీ? మియాపూరా, మాదాపూరా?"

అదే మాట అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పెట్టారు. అందరూ నవ్వారు, మా ఆవిడతో సహా.

చెరువు పక్కన తోట ఉన్న స్నేహితుడొకడు పడవను ఉంచుకుంటానన్నాడు, కొత్త చెక్క చేయించి పంపితేనే. మూడు ప్లైవుడ్ పలకలు ఒకదాని మీదొకటి అతికించి ఒకే దిమ్మ చెయ్యాలి. ఇంతేకదా అనుకున్నాను. నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంతా ఈ 'ఇంతేకదా' మీదే నడుస్తోంది.

శుక్రవారం సెలవు పెట్టి, జిగురంతా, దాన్ని గట్టిపరిచే మందుతో ఒకేసారి బకెట్లో కలిపాను. మండువేసవి. మొదటి పలకకు పూత పూసేలోగా బకెట్టు పొగలు కక్కి, బ్రష్షుతో సహా బండరాయైంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. ఏరు చూడకముందే తగలేసింది నేనే. శనివారం కొత్త జిగురు తెచ్చి, కొంచెం కొంచెంగా కలిపి పూసి, ఉన్న క్లాంపులన్నీ పళ్ళు బిగబట్టి మరీ బిగించాను. ఆదివారం పొద్దున విప్పితే పలకలు వేటికవి ఊడొచ్చాయి. ఏడుపొక్కటే తక్కువ.

మూసాపేటకు పరిగెత్తి ఒక వడ్రంగి మేస్త్రీని బతిమాలి తెచ్చాను. ఆయన ముందు పలకల్ని చూశాడు, తర్వాత నన్ను.

"ఏంది సార్ గిట్ల చేసిన్రు? గంత గట్టిగ బిగిస్తె జిగురంత బయటికే కారె. ఇగ లోపటేముంటది? జర బరువు పెడితె సాలు."

పలకలు గీకి, మళ్ళీ జిగురు పూసి నేలమీద పరిచి, ఇటుకలు పేర్చాడు. ఇటుకలు అయిపోయాయి గానీ ఒక మూల లేస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే దిగారు సెక్రటరీ గారు.

"ఇంకా ఇక్కడే ఉందేంటండీ?"

"ఈ మూల అతకడం లేదండి. ఇది చెడితే ఇంకో వారం గడువడగాలి."

వారం అనేసరికి ఆయన ముఖం మాడింది. మేస్త్రీ ఆ మూల మీద పాలిథిన్ కవరు పరిచాడు. "జరసేపు కూసోండ్రి సార్. బరువైన మనిషే గావాలె."

కూర్చున్నారు. కదిలితే పలకలు జారతాయన్నాను. కదల్లేదు. టిఫిన్లకు బయల్దేరిన కార్లు ఒక్కొక్కటే ఆగాయి. "సెక్రటరీ గారూ, ప్రయాణమెక్కడికండీ?" ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

అరగంటయ్యాక మేస్త్రీ అంచున కారిన జిగురును గోటితో గీరి చూసి, గట్టిపడిందని నాకు కళ్ళతో సైగ చేశాడు. ఇక లేవొచ్చని సెక్రటరీ గారికి చెప్పకుండా మేస్త్రీని చాయ్‌కి తీసుకుపోయాను. ఒకటి సరిపోదనిపించి, చెరో రెండు తాగాం.