నల్లబండల మీద బడి

మా బడిలో తెల్ల టైల్స్ పరిచినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అంటారు. ఎందుకు బాగుండదు? వంగి చూస్తే మొహం కనిపించేంత నున్నగా ఉంది. సుద్దముక్కతో దాని మీద ఒక అక్షరం రాస్తే మాత్రం కనిపించదు.

మాది తాడిపత్రి పక్కన పల్లె. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఒకటే గది, ఒక్కతే టీచరు. ఆ టీచరును నేనే. ఊరి చుట్టూ బండల ఫ్యాక్టరీలు. మూలలు విరిగి, పాలిష్‌కు పనికిరాని నల్లబండలు ఎవరో ఎప్పుడో తెచ్చి మా గదిలో పరిచారు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ నేల చూసి ఇదేం ఖర్మ అనుకున్నాను. ఒకరోజు పలక పగిలిపోయిన పిల్ల ఒకతి ఏడుపు ఆపుకుని, కింద బండ మీదే ‘అ’ రాసింది. పలక మీదకన్నా తేటగా కనిపించింది. అక్కడ మొదలైంది మా పద్ధతి.

పిల్లకొక బండ. గుమ్మం దగ్గరి బండల మీద అక్షరాలు, నడిమి బండల మీద గుణింతాలు, చిన్న మాటలు, కిటికీ కింద కథలు. లెక్కలకూ అంతే. ఎవరికి ఎంత వస్తే అక్కడ కూర్చోవాలి, వయసుతో పనిలేదు. తనకు వచ్చింది పక్క బండ పిల్లకు నేర్పి చూపిస్తే ముందు బండకు జరగొచ్చు. తెలుగులో కిటికీ కింద కూర్చునే ఐదో తరగతి పిల్లాడు లెక్కల వేళకు గుమ్మం దగ్గరికి వచ్చి ఒకటో తరగతి వాళ్ల పక్కన చతికిలబడేవాడు. ఎవరూ ఎవర్నీ వెక్కిరించేవాళ్లు కాదు. ఏదో ఒక పూట గుమ్మం దగ్గర కూర్చోని పిల్ల ఆ గదిలో లేదు మరి.

ఆ బండల మీదికే ఒక పిల్ల కొత్తగా వచ్చింది. ఎనిమిదేళ్లు. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకు కట్టుబడి పనికి పోతూ వెంట తీసుకుపోయారు. అక్కడ తమ్ముణ్ని ఎత్తుకుని ఇటుకల మధ్య తిరగడమే ఆమెకు బడి. తిరిగి వచ్చేసరికి ‘అ’ కూడా మరిచిపోయింది. వయసు ప్రకారం మూడో తరగతి. నేను ఆమెను గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను. లారీ డ్రైవరు కూతురు, ఆరేళ్లది, పక్క బండ మీద నుంచి జరిగి వచ్చి, “అక్కా, చెయ్యి ఇట్ల తిప్పల్ల” అని వేలు పట్టుకుని రాయించింది.

లెక్కల వేళకు మాత్రం ఆ పిల్ల నేరుగా కిటికీ కిందికి పోయేది. వరసకు ఎన్ని ఇటుకలు, ఎన్ని వరసలు అని చూసి చూసి ఎక్కాలు ఆమె కళ్లలోనే ఉండేవి. ఐదో తరగతి వాళ్లు గుణకారాలు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. పొద్దున చిన్నదాని దగ్గర తల వంచుకున్న పిల్ల మధ్యాహ్నానికి పెద్దవాళ్లను గదమాయిస్తుంటే నాకు కడుపు నిండేది. వేసవి సెలవుల నాటికి గుణింతాలు దాటి చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతోంది.

ఆ సెలవులకు కొంచెం ముందు బడి బాగుచేయించడానికి ఆఫీసరు ఒకాయన కొలతలకు వచ్చాడు. ఆ పిల్లను లేపి, ఎన్నో తరగతి అని అడిగాడు. ఆమె వెనక్కి చూపించి, “నా బండ అది సార్” అంది. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు, నా వైపు తిరిగాడు.

“పిల్లకు తన తరగతే తెలీదు. ఏం నేర్పిస్తాండారు మేడమ్ మీరు?”

నేను చెప్పబోయాను. ఆయన అప్పటికే టేపు పట్టుకుని గోడ దగ్గరికి పోయాడు.

సెలవులయ్యాక బడి తెరిస్తే నేల తెల్లగా మెరుస్తోంది. బెంచీలు వచ్చాయి. గోడ మీద రంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని రాసి, ఏ తరగతి వాళ్లు ఆ అంకె కిందే కూర్చోవాలన్నారు. పేద పిల్లలు కింద కూర్చునే రోజులు పోయాయని ఆఫీసరు మైకులో చెప్పాడు. బెంచీలకు నేనెందుకు అడ్డం చెబుతాను? నా మోకాళ్లూ నొప్పులే. కానీ ఈ గదిలో పిల్లలు ఎలా చదువుకుంటున్నారో ఒక్కడైనా నన్ను అడిగాడా? పెళ్లి విడిదికి సున్నం కొట్టినట్టు కొట్టి పోయారు.

ఆ పిల్ల నాలుగో అంకె కింద కూర్చుంది. పేజీ నిండా అక్షరాలున్న పుస్తకం ముందు పెట్టుకుని రోజంతా కదలకుండా ఉండేది. లారీ డ్రైవరు కూతురు లేచి అక్క దగ్గరికి పోతే, బెంచీ మీదున్న పిల్లలే దాన్ని తరిమారు, నీ అంకె ఇది కాదని. ఏడాది కిందట ఇలాంటి మాట ఆ గదిలో పుట్టి ఎరగదు. ఒకరోజు పాఠం చదవమని వంతు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడి, నిలబడే ఉంది. పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. మర్నాటి నుంచి రాలేదు.

నేను వాళ్లింటికి పోయాను. మూటలు కట్టుకుంటున్నారు, మళ్లీ బెంగళూరుకు. పిల్లను అవ్వ దగ్గర వదిలిపెట్టమని తల్లిని బతిమాలాను. వదిలిపెడదామనే అనుకున్నామని, ఇప్పుడు పిల్లే బడికి పోనంటోందని ఆమె చెప్పింది. పిల్ల గడప మీద కూర్చుని నా మొహం చూడకుండా మాట్లాడింది.

“బండ మీద ఉన్నప్పుడు నాకేమొచ్చునో అందరికీ తెలుస్తాండె. ఆ బెంచీ మీద నాకేం రాదో అది తెలుస్తాది. నేను రాను మేడమ్.”

కళ్లు మండాయి. ఏడుపు కాదు, కోపం. అటునుంచి అటే లారీ డ్రైవరు ఇంటికి పోయాను. కాంట్రాక్టరు పెరికిన బండలు బడి మరుగుదొడ్ల వెనక పడేసి ఉన్నాయి. అతనూ, ఇంకా నలుగురు తల్లులూ వచ్చి వాటిని మోసి వరండాలో పరిచారు. ఎవరి అనుమతీ అడగలేదు. బండలు పరవడం ఈ ఊళ్లో ఒకరు నేర్పాల్సిన పని కాదు. బండలు మళ్లీ పరిచామని రాత్రే వాళ్లకు తెలిసింది, పొద్దున్నే ఆ పిల్ల తల్లి బస్సెక్కుతూ కూతుర్ని బడి గేటు దగ్గర దించి పోయింది. పిల్ల బండలన్నీ తిరిగి చూసి, మూల విరిగిన తన బండ వెతుక్కుని కూర్చుంది.

మొన్న ఆఫీసరు మళ్లీ వచ్చాడు. జీపు చూడగానే పెద్ద పిల్లలు బిలబిలమని లోపలికి పరుగెత్తి అంకెల కింద సర్దుకున్నారు. నేను చెప్పలేదు. వరండాలో బండలేమిటని ఆయన గట్టిగానే అడిగాడు, రేపటికల్లా తీయించమన్నాడు. తీయించనని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. నన్ను వదిలేసి లోపలికి పోయి, నాలుగో అంకె కిందున్న ఆ పిల్లనే లేపాడు.

“ఎన్నో తరగతి?”

ఆమె నా వైపు ఒకసారి చూసింది. చేతులు కట్టుకుంది.

“నాలుగో తరగతి సార్.”

ఆయనకు ఎంత సంతోషమో. ఇప్పుడు దారిలో పడిందన్నాడు, పిల్ల భుజం తట్టాడు, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఏం చదవగలవని మాత్రం అడగలేదు. నా కోసం, నాకేమీ కాకూడదని ఆ పిల్ల ఆయనకు కావలసిన మాట అప్పజెప్పింది. ఇంకా పేజీ చదవడం రాని పిల్లకు పెద్దవాళ్లను మభ్యపెట్టడం వచ్చేసింది. దాన్ని ఏ బండ మీదా నేను నేర్పలేదు.

జీపు గేటు దాటింది. ఆమె పుస్తకం మూసి, వరండాలోకి వచ్చి, తన బండను తడిగుడ్డతో తుడిచింది. చిన్నదాన్ని పిలిచి, నిన్న ఆగిపోయిన మాట ఏదని అడిగింది.