లేని పన్ను

మలుపు తిరగకముందే ఆమెకు మోత వినిపించింది. సగం జీవితం డీజిల్ ఇంజన్ల మధ్య గడిపిన మనిషి. ఏది దగ్గుతోందో, ఏది గురక పెడుతోందో గోడ అవతల నుంచే చెప్పగలదు. ఈ మోత మాత్రం ఏ జాతి ఇంజనుదో అంతుపట్టలేదు. ఆ కుతూహలమే ఆమె కాళ్ళను ఎత్తు మీదికి లాగింది. తీరా చూస్తే లారీ ఇంజను చల్లబడి ఉంది, లోపలి రోగం చూడ్డానికి క్యాబిన్‌ను ముందుకు వంచి ఉంచారు. మోగుతున్నవి దాని వీపు మీద పేర్చిన తేనెటీగల పెట్టెలు.

"అక్కడే ఆగు పెద్దమ్మా, కుడతాయి!" డ్రైవరు అరిచాడు.

"కుట్టనీ నాయనా. మోకాళ్ళ నొప్పులకి మంచిదంటారు," అంటూ ఆమె దగ్గరికే వచ్చింది.

డ్రైవరు పక్కన గ్రీజు చేతులతో కూలబడినవాడు అతని బావ, పనితనంలో పేరుమోసిన వెల్డరు. పెట్టెలు ఆ బావ భార్యవి, అంటే డ్రైవరు అక్కవి. వాటిని కొండ అవతలి పూలతోటలకు చేర్చాలి. బండి కదులుతున్నంతసేపూ పెట్టెల్లో గాలి ఆడుతుంది. ఎండలో ఆగిందా, మైనం మెత్తబడుతుంది, ఈగలు ఊపిరాడక కుప్పపడతాయి. ఎండ అప్పటికే పెట్టెల అంచు దాకా వచ్చేసింది.

"అక్క మొహం ఎలా చూడాలి బావా?"

"నువ్వు చూడకపోయినా గడిచిపోతుందిరా. నేను రోజూ చూడాలి."

"ముందు బండి మొహం చూద్దాం. ఏమైంది దీనికి?" అందామె.

"ఇంజను విప్పి బిగించినప్పట్నుంచీ ఇంతే పెద్దమ్మా. ఎంతో తిప్పితేగానీ అందుకోదు. చదునులో కుంటుతుంది, ఎత్తు రాగానే చతికిలబడుతుంది. క్రాంక్ సెన్సార్ మార్చాం, వైర్లు మార్చాం. ఇక మార్చాల్సింది డ్రైవర్నేనంటాడు మా బావ."

ఆమె నవ్వి చీర కొంగు బిగించింది.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదైనా, లారీల షెడ్డులో ఆమెను అందరూ పిలిచింది నాడమ్మ అనే. మొదట చేరింది కిరసనాయిలుతో సామాన్లు కడిగే పనికి. కంప్యూటరు ఉన్న ఇంజన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో హేమాహేమీ మేస్త్రీలు ఆ వైర్లను చూసి పామును చూసినట్టు జంకారు. సెన్సార్ ఉండే ఇరుకులోకి వాళ్ళ లావు చేతులు దూరేవి కావు. ఈమె సన్నచేయి దూరింది. "ఇంజనుకి నాడి చూస్తోందిరా వైద్యురాలు!" అని పెద్దమేస్త్రి ఎగతాళి చేశాడు. ఎగతాళి పేరై నిలిచింది. ఏడాది తిరక్కుండానే ఆ పెద్దమేస్త్రే బండి మొరాయిస్తే "నాడమ్మని పిలవండి" అనేవాడు. ఆమె కూడా తక్కువది కాదు, రెండుసార్లు పిలిపించుకుంటేగానీ కదిలేది కాదు. ఆ షెడ్డులో ఒక పట్టింపు ఉండేది: బాగుచేసిన బండి దగ్గర వెళ్ళొస్తానని ఎవరూ అనకూడదు. అంటే అదే రోగంతో బండి మళ్ళీ వస్తుందట. ఇప్పుడు కొడుకు ఇంట్లో కూర్చోమంటాడు. కూర్చుంటే తుప్పు పడుతుందని ఈమె చుట్టాల ఇళ్ళకి లారీలెక్కి, కాలినడకన, తోచినట్టు తిరుగుతుంటుంది.

క్రాంక్‌షాఫ్ట్ అనే ఇంజను ఇరుసు కొసన, పుల్లీ వెనక, పళ్ళచక్రం ఒకటుంది. దాని ఎదురుగా బొటనవేలంత సెన్సార్. చక్రం తిరుగుతుంటే ఎదుటినుంచి జారిపోయే ఒక్కో పన్నునూ అది లెక్కపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. నాడమ్మ ఇనుపకడ్డీతో ఇంజనును మెల్లగా తిప్పిస్తూ చక్రం చుట్టూ వేలు నడిపించింది. మళ్ళీ నడిపించింది.

"నోటి నిండా పళ్ళున్నాయే! ఎవరు కట్టారు దీనికి?"

బావ ఛాతీ విరుచుకున్నాడు. "నేనే. ఒక పన్ను విరిగిపోయి ఉంటే వెల్డింగు పోసి ఆకురాయి పట్టాను. చూసినవాడు కనిపెట్టలేడు."

"విరగలేదు నాయనా, పుట్టుకే అంత. పాడేవాడు ఊపిరి తీసుకునే చోటులాంటిది ఆ ఖాళీ. అది వస్తేనే ఒక చుట్టు అయిందని సెన్సార్‌కి తెలిసేది, ఏ సిలిండరుకి ఎప్పుడు డీజిల్ కొట్టాలో కంప్యూటరుకి తేలేది. నువ్వు దాన్ని పూడ్చేశావు."

"బావా!" డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "సెన్సార్లని తిట్టానే ఇన్నాళ్ళూ!"

"ఏ పన్నో చూపించు, పీకేద్దాం," అంది నాడమ్మ.

బావ వంగాడు, తడిమాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తడిమాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"దొరకట్లేదు పెద్దమ్మా."

"నీ చేతిపని నీకే దొరకట్లేదా?" బావమరిది పళ్ళు నూరాడు. "కాస్త వంకరగా చేసి చావాల్సింది!"

"వాణ్ణి తిట్టకు. నువ్వెళ్ళి పెట్టెల మీద తడి గోనెలు కప్పు," అని నాడమ్మ చక్రాన్ని గుడ్డతో తళతళలాడేలా తుడిచింది. బండి బ్యాటరీలోంచి పుల్లతో యాసిడ్ తీసి పళ్ళ మొదళ్ళ మీద అద్దుకుంటూ వెళ్ళింది. అతుకు ఎంత గొప్పదైనా పోసిన లోహం, పుట్టిన లోహం ఒక్క రంగు తేలవు. కాసేపటికి ఒక పన్ను మెడ చుట్టూ మసక గీత తేలింది.

"దొరికింది దొంగ!"

ఆకురాయి బావే అందుకున్నాడు. "నేను పెట్టిన పన్ను, నేనే రాల్చాలి." రాలే పొడి ఎగరకుండా ఆమె గుడ్డ పట్టింది. సెన్సార్ ముక్కుకు అయస్కాంతం ఉంటుంది. ఇనుప రజను దాని మీద మీసంలా మొలిచింది. దాన్నీ తుడిచి, చక్రాన్ని నీళ్ళతో కడిగి, బిగించమంది.

డ్రైవరు తాళం తిప్పాడు. తిప్పీ తిప్పకముందే ఇంజను గర్జించింది. పక్కన కొండరాళ్ళు ప్రతిధ్వనించాయి. బావ రోడ్డు మధ్యలో గంతులేశాడు. నాడమ్మ ఇంజను మీద అరచేయి ఆనించి, "ఇదిగో, ఊపిరి తీసుకుంటోంది," అంది, తానే దానికి ప్రాణం పోసినంత దర్జాగా.

ముగ్గురూ క్యాబిన్‌లో ఇరుక్కున్నారు. ఇందాకటిదాకా కుంటిన బండి ఎత్తును పరుగున మింగింది. మలుపు మలుపుకీ డ్రైవరు హారను కొట్టాడు. కొండ తలమీద ఆపి, బావా బావమరదులు పైకెక్కి మూతలు ఒక్కొక్కటే ఎత్తారు.

"బతికున్నాయి బావా! అన్నీ బతికున్నాయి!"

"పెద్దమ్మా, విన్నావా? మా ఇంటికి రావాలి నువ్వు! మా ఆవిడ నీకు..."

బావ మూత దించి కిందికి తొంగాడు. చూస్తే, పల్లం దారిలో చాలా కిందికి, సంచి భుజాన వేసుకుని, నాడమ్మ చేతులూపుకుంటూ నడిచిపోతోంది. వెళ్ళొస్తానన్న మాట అనలేదు, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.