పక్కింటివాళ్ల పని

“నా కుక్కని నేనే ఎట్లా కాల్చుకుంటానయ్యా? మనుషులు చేసే పనేనా అది?”

టపా వ్యాను దిగిన లాక్లన్ చేతిలో ఉత్తరాల కట్ట అలాగే ఉండిపోయింది. ఈనిడ్ ముసలమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర గోనెపట్టా మీద టింకర్ లేవలేక మూలుగుతోంది. గొర్రెల వెంట పరిగెత్తి పరిగెత్తి ముసలిదైపోయిన కుక్క. కడుపులో గడ్డ. పశువుల డాక్టరుండే ఊరికి సగం రోజు ప్రయాణం. కారు తలుపు తీస్తేనే టింకర్‌కి వణుకు.

ఆ గొర్రెల సీమలో మర్యాదలు తక్కువే గానీ, ఒక్కటి మాత్రం ఎవరూ తప్పరు. ఎవరి కుక్కని వాళ్లు కాల్చరు. మధ్యలో ఎన్ని మైళ్లున్నా సరే, పక్క పొలం వాళ్లొచ్చి ఆ పని చేసిపెట్టాలి. ఇంటివాళ్లు లోపల టీ కాస్తూ కూర్చుంటారు. పక్క పొలం కార్మాక్ కుక్కల్ని ఈనిడ్ సాగనంపింది, ఈనిడ్ కుక్కల్ని కార్మాక్. కిందటేడు కార్మాకే పోయాడు. ఆ పొలాన్ని మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఫిలిప్పా కొనుక్కుంది. వస్తూనే గేటుకి ‘ఇక్కడ తుపాకులు లేవు’ అని బోర్డు కట్టించింది. చుట్టుపక్కల రైఫిళ్లన్నీ పోలీసులకి అప్పగించాలని అర్జీ రాసి, నిమ్మకాయ కేకు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

“పొద్దున్నే ఆవిడొచ్చింది,” అంది ఈనిడ్. “దీని పక్కన నేల మీదే కూలబడి ఒకటే ఏడుపు. చివరికి గొంతు తగ్గించి, ‘మీ దగ్గర అది ఉంది కదా, ఎందుకు చూస్తూ ఊరుకున్నారు?’ అంది. ‘అది’ట! పేరెత్తితే పేలుతుందేమో.”

“మీరేమన్నారు?”

“ఉంది తల్లీ, ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. కానీ ఇది పక్కింటివాళ్ల పని, నా పక్కిల్లు నీదే కదా అన్నాను. అంతే, చెప్పులు కూడా వదిలేసి కారెక్కి పోయింది.”

మెట్ల దగ్గర నిజంగానే ఎర్ర చెప్పులున్నాయి. లాక్లన్ నవ్వబోయి, టింకర్ మూలుగు విని ఆగిపోయాడు.

“నువ్వు నవ్వకు. ఆ అర్జీ మీద నీ సంతకమూ ఉందిగా.”

“కేకు పెట్టిందండీ,” లాక్లన్ తల గోక్కున్నాడు. “తిన్నాక కాదంటే ఏం బాగుంటుంది?”

“తుపాకీ లైసెన్సు మాత్రం వదులుకోలేదు కదా?”

“లేదండీ. నాన్న పొలంలో అడవిపందులు పడతాయి కదా.”

ఈనిడ్ కాసేపు కుక్క చెవులు నిమిరింది. ఇనప్పెట్టె తాళంచెవి తీసి గౌను మీద తుడిచింది.

“వారంవారం నా గేటు దాకా వచ్చేది నువ్వొక్కడివే. ఇక నువ్వే నాకు పక్కింటివాడివి. ముందు ఆ చెప్పులూ ఉత్తరాలూ ఇచ్చి, ఆవిణ్ణి వెంటబెట్టుకు రా. ఆవిణ్ణి కాల్చమని అడగను, ఒట్టు. దీనికి ఆవిడ కేకంటే ప్రాణం. ఓ ముక్క తెచ్చి తన చేత్తో పెట్టమను. ఇది తినడం మొదలెట్టాక ఆవిడ పక్కకి జరిగితే చాలు, మిగతా పని నీది. లోపల ముగ్గురికీ టీ కాస్తుంటాను. పద, ఎండెక్కక ముందే వచ్చెయ్.”